పురి విప్పే పనిముట్టు: అంబాసిడర్ నుంచి క్వాలిస్ దాకా



మన సంఘం సామాన్లు మోసే పాత క్వాలిస్ ముందు ఎడమ వైపు కుంగిపోయిన సంగతి మీలో చాలామందికి తెలుసు. షామియానా గుడ్డలు, వంట గిన్నెలు, మైకు పెట్టెలు ఎక్కించి ఇన్నేళ్ళు తిప్పాం. కుంగక ఏం చేస్తుంది? బాగు చేయించడానికి ముందు ఒక గ్యారేజీకి తీసుకెళ్ళాం. పేరు ఇక్కడ అనవసరం. అక్కడి కుర్రాడు బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగానే కిందికి దూరి, ఒక పొడుగు బోల్టుకు పానా వేసి, పానాకు పైపు తొడిగి తిప్పడం మొదలుపెట్టాడు. ఒక్క క్షణంలో పానా చేతిలోంచి ఎగిరి గోడకు తగిలింది. అబ్బాయి మణికట్టుకు రెండు వారాలు కట్టు. తలకు తగలలేదు, అదే పదివేలు.

తర్వాత మదనపల్లె వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి వెళ్ళాం. ఆయన పానా అడగలేదు, సుత్తి అడగలేదు. "సార్, చాక్‌పీసు ఉందా?" అన్నారు.

ఈ వ్యాసం ఆ చాక్‌పీసు గురించి. బెంగళూరు రోడ్ల మీద అరవై ఏళ్ళకు పైగా మన బండ్లను మోసిన ఒక ఇనుప కడ్డీ గురించి, దాన్ని విప్పడానికి మనుషులు కనిపెట్టిన పనిముట్ల గురించి కూడా.

ఆ కడ్డీని టార్షన్ బార్ అంటారు. తెలుగులో చెప్పుకోవాలంటే పురి కడ్డీ. పల్లెల్లో పుట్టిన వాళ్ళకు పురి అంటే చెప్పక్కర్లేదు. పగ్గం పేనేటప్పుడు ఒక కొన గట్టిగా పట్టుకుని రెండో కొన తిప్పుతూ పోతే తాడులో పురి ఎక్కుతుంది. చెయ్యి వదిలితే గిర్రున వెనక్కి తిరుగుతుంది. ఇక్కడ తాడుకు బదులు ఉక్కు కడ్డీ. దాని ఒక కొన చక్రాన్ని పట్టుకునే చేతికి, రెండో కొన బండి ఛాసిస్‌కు బిగించి ఉంటాయి. చక్రం గుంతలో పడినా గుట్ట ఎక్కినా ఆ చేయి పైకీ కిందికీ ఊగుతుంది, కడ్డీ మెలి తిరిగి మళ్ళీ తన స్థితికి వస్తుంది. కమాను పట్టీల్లేవు, చుట్ట స్ప్రింగు లేదు. చూడటానికి అదొక మామూలు కడ్డీ. రెండు కొనలా పళ్ళు ఉంటాయి, అంతే.

తెలుగులో నిండు కుండ తొణకదంటారు. ఈ కడ్డీ కూడా అంతే, తొణకదు. కానీ దాని లోపల ఎంత ఉందో ఒక్కసారి లెక్క వేసి చూడండి. ముందు చక్రం మీద 400 కిలోల బరువు ఉందనుకుందాం. చక్రాన్ని పట్టుకున్న చేయి పొడవు 30 సెంటీమీటర్లు అనుకుందాం. అప్పుడు కడ్డీలో ఉన్న మెలి బలం 120 కిలోగ్రాము-మీటర్లు. చక్రం నట్టు బిగించడానికి మనం వాడే బలం సుమారు 10. అంటే కదలకుండా పడుకున్న ఆ కడ్డీ, నట్టు బిగింపుకు పన్నెండు రెట్ల బలాన్ని లోపల దాచుకుని ఉంది. ఆ కుర్రాడు పైపు తొడిగింది ఆ బలం మీద.

ఈ ఆలోచన కార్లలోకి వచ్చింది 1930లలో. ఫెర్డినాండ్ పోర్షే 1931లో టార్షన్ బార్ సస్పెన్షన్‌కు పేటెంటు కోరారు. 1934లో ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ వాళ్ళ ట్రాక్షన్ అవాంత్ కారు పురి కడ్డీల మీద రోడ్డెక్కింది. తర్వాత వచ్చిన ఫోక్స్‌వాగన్ బీటిల్ కూడా వీటినే వాడింది. యుద్ధ ట్యాంకులకు ఇది మరీ నచ్చింది. కడ్డీ అంతా పొట్ట కిందే ఇమిడిపోతుంది, పక్కన గుళ్ళు తగిలే చోట బయటికి ఏమీ కనిపించదు. మన తెలుగు నేల మీదే, మెదక్ ఆయుధ కర్మాగారం పేరుతో యెద్దుమైలారంలో 1980ల చివరి నుంచి తయారైన శరత్ యుద్ధ వాహనం, అంటే బీఎంపీ-2, నడిచేది పురి కడ్డీల మీదే.

మన ఇళ్ళ ముందుకు ఈ కడ్డీ వచ్చింది మాత్రం ఇంగ్లండు దారిలో. అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మోరిస్ మైనర్ 1948లో బయటికి వచ్చింది. దాని ముందు చక్రాలకు పురి కడ్డీలు. అదే ఏడు వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కు కూడా అంతే. హిందుస్థాన్ మోటార్స్ ఆ కార్లను మన దేశంలో తయారుచేసింది. మైనర్ ఇక్కడ బేబీ హిందుస్థాన్ అయింది, ఆక్స్‌ఫర్డ్ హిందుస్థాన్ 14 అయింది. తర్వాత 1954లో ల్యాండ్‌మాస్టర్, ఆ తర్వాత 1957లో ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా మనందరికీ తెలిసిన అంబాసిడర్. విధానసౌధ మెట్ల ముందు తెల్లగా బారులు తీరిన కార్లు, రైల్వే స్టేషన్ బయట నిలబడ్డ టాక్సీలు, పెళ్ళికి పూలదండలు కట్టిన కార్లు, అన్నీ ముందు వైపు రెండు పురి కడ్డీల మీదే నిలబడ్డాయి. కొనేవాళ్ళకు ఆ పేరు తెలియదు. మేస్త్రీలకు బాగా తెలుసు.

అంబాసిడర్ తరం మేస్త్రీలకు ఈ కడ్డీ విప్పడానికి ప్రత్యేకమైన పనిముట్టు ఏదీ లేదు. ఉన్నదల్లా జాకీ. బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రం తీసి, కింది చేయి కింద జాకీ ఆనించేవాళ్ళు. బరువంతా జాకీ మీదికి వచ్చాక పై జాయింటు విప్పేవాళ్ళు. ఆ తర్వాత జాకీని మెల్లగా, కాస్త కాస్తగా దించేవాళ్ళు. చేయి జాకీతో పాటే కిందికి దిగేది, కడ్డీ పురి విడుచుకుంటూ వచ్చేది. చేయి స్వేచ్ఛగా వేలాడిన తర్వాతే వెనక కొనను ముట్టుకునేవాళ్ళు. అది విప్పే ముందు కడ్డీ మీదా, అది దూరిన సందు పక్కనా ఒక గీత గీసేవాళ్ళు. పళ్ళు లెక్కపెట్టుకోవడానికి. ఒక్క పన్ను అటూ ఇటూ అయినా బండి ఎత్తు మారిపోతుంది.

కంపెనీ మాన్యువల్ చదివిన వాళ్ళు తక్కువ. గురువు పక్కన పడుకుని, టార్చిలైటు పట్టుకుని, రెంచీ అందిస్తూ నేర్చుకున్న చదువు ఇది. అనంతపురం, హిందూపురం, చిత్తూరు, పావగడ, బాగేపల్లి, ముళబాగిలు వైపు నుంచి వచ్చిన మన పిల్లలు ఎందరో ఇలాగే నేర్చుకున్నారు. కలాసిపాళ్యంలో, విల్సన్ గార్డెన్‌లో, మైసూరు రోడ్డు పొడుగునా గ్యారేజీల్లో కన్నడం, తమిళం, ఉర్దూలతో పాటు తెలుగు వినిపించిందంటే అందులో ఈ పిల్లల గొంతు ఉంది. మన సంఘం చరిత్ర రాసేటప్పుడు వేదిక మీద కూర్చున్న వాళ్ళ పేర్లే రాస్తాం. కారు కింద పడుకున్న వాళ్ళ పేర్లు రాయం. ఇది మన తప్పే.

ఇక రెండో అధ్యాయం బెంగళూరు సొంత అధ్యాయం. 1997లో టయోటా, కిర్లోస్కర్ కలిసి కంపెనీ పెట్టాయి. మైసూరు రోడ్డులో బిడదిలో ఫ్యాక్టరీ లేచింది. 2000 జనవరిలో క్వాలిస్ అమ్మకానికి వచ్చింది. ఆ బండికి ఇక్కడ పేరు కొత్త గానీ వంశం పాతది. ఇండోనేషియాలో 1977లో కిజాంగ్ పేరుతో ఒక చిన్న పికప్ ట్రక్కు వచ్చింది. కిజాంగ్ అంటే అక్కడి భాషలో ఒక రకం జింక. దాని మూడో తరం 1986లో వచ్చింది, మన క్వాలిస్ పుట్టింది ఆ తరం నుంచే. అంటే పది మంది కూర్చుని తిరుపతి వెళ్ళొచ్చిన మన కుటుంబాల బండి అసలుకు ఒక పికప్ ట్రక్కు మనవడు. 2446 సీసీ డీజిల్ ఇంజను, వెనక కమాను పట్టీలు, ముందు పురి కడ్డీలు.

ఆ అయిదేళ్ళలో బెంగళూరు ఎలా మారిందో మనం కళ్ళారా చూశాం. ఎలక్ట్రానిక్ సిటీ, వైట్‌ఫీల్డ్ కంపెనీలకు రాత్రి పూట మనుషులను మోసే బండ్లు కావాలి. క్వాలిస్ దొరికింది. అప్పు చేసి క్వాలిస్ కొన్న డ్రైవర్లలో మన జిల్లాల వాళ్ళు చాలామంది. పగలు ఒక షిఫ్టు, రాత్రి ఒక షిఫ్టు, ఆదివారం పెళ్ళి బాడుగ. బండి నిలబడితే వాయిదా కట్టలేరు. అందుకే సస్పెన్షన్ అనేది వాళ్ళకు సుఖం సంగతి కాదు, బతుకు సంగతి.

క్వాలిస్‌లో పురి కడ్డీకి వెనక కొనన ఒక ఇనుప చేయి, ఆ చేతికి ఒక పొడుగు బోల్టు. ఆ బోల్టే ఈ బండిలో పనిముట్టు. బోల్టు బిగిస్తే ముందు భాగం లేస్తుంది, వదిలితే దిగుతుంది. జపాను ఇంజనీర్లు దాన్ని పొడుగ్గా పెట్టడంలో ఒక దయ ఉంది. చక్రం గాలిలో వేలాడుతుండగా నట్టును మెల్లగా వదులుతూ పోతే, మర చివరికి వచ్చేలోపే కడ్డీలో పురి అయిపోతుంది. అప్పుడు అన్నీ చేత్తో ఊడి వస్తాయి. బండి బరువు చక్రాల మీద ఉండగా వదిలితే మాత్రం ఆ దయ పనిచేయదు. మా కుర్రాడికి జరిగింది అదే.

ఆ బోల్టును మన డ్రైవర్లు ఇంకో పనికీ వాడారు. పైన క్యారియరు, క్యారియరు మీద లగేజీ, లోపల పది మంది. ముందు కుంగితే బోల్టు నాలుగు చుట్లు బిగించడం. బండి లేచినట్టు కనిపిస్తుంది. "స్ప్రింగు గట్టిపడింది" అనుకుంటారు. నిజానికి గట్టిపడదు. కడ్డీ గట్టితనం దాని లావు, పొడవు, ఉక్కు మీద ఆధారపడుతుంది గానీ బోల్టు మీద కాదు. లావు పదో వంతు పెరిగితే గట్టితనం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. పొడవు సగమైతే రెండింతలు అవుతుంది. బోల్టు బిగిస్తే ఎత్తు ఒక్కటే మారుతుంది. ఎత్తు మారితే చక్రం కోణం మారి టైర్లు ఒక పక్క అరుగుతాయి, బాల్ జాయింట్లు తొందరగా పోతాయి. నాలుగు చుట్ల బోల్టు ఆదా చేసిన డబ్బు నాలుగు నెలల్లో టైర్ల కొట్టుకు చేరిన కథలు జేసీ రోడ్డులో అడిగితే కావలసినన్ని చెబుతారు.

మూడో పనిముట్టు అమెరికాది. టెక్సాస్‌లోనో మిషిగన్‌లోనో ఉన్న మన పిల్లలు పికప్ ట్రక్కు కొన్నామని ఫొటో పంపిస్తుంటారు కదా, ఆ కథే. షెవర్లే పెద్ద పికప్‌లలో నాలుగు చక్రాలూ లాగే రకానికి 1988 మోడల్ నుంచి ముందు పురి కడ్డీలు పెట్టారు. ముందు ఇరుసులు పోవడానికి చక్రాల మధ్య చోటు కావాలి, కడ్డీ అయితే పొడుగ్గా వెనక్కి పోయి అడ్డు రాదు. అక్కడ సర్దుబాటు బోల్టు పొట్టిది. బోల్టు మొత్తం వదిలినా కడ్డీలో ఇంకా పురి మిగిలే ఉంటుంది. అందుకే దానికి ఒక ప్రత్యేకమైన పనిముట్టు పుట్టింది. అర్ధచంద్రాకారంలో లావుపాటి ఉక్కు పట్టు, మధ్యలో పొడుగు మర. పట్టును అడ్డ దూలానికి తగిలించి, మర మొనను కడ్డీ చేతిలో ఉన్న చిన్న గుంతలో ఆనించి బిగిస్తే, బరువంతా ఆ మర మీదికి వస్తుంది. అప్పుడు బోల్టు, దాని దిమ్మ ఖాళీగా ఊడి వస్తాయి. ఆ తర్వాత మరను వెనక్కి తిప్పుతూ పురిని మెల్లగా విడిపిస్తారు.

అక్కడ కూడా ఆ పనిముట్టు కొనడానికి బద్ధకించి బేరింగులు లాగే పుల్లరుతో పని కానిచ్చేవాళ్ళు ఉన్నారు. పుల్లరు కాళ్ళు నేరుగా లాగడానికి చేసినవి. కడ్డీ చేయి వంపులో తిరుగుతుంది. తిరిగేకొద్దీ కాళ్ళు జారతాయి. జారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మన గ్యారేజీల్లో పుల్లరు లేని చోటు లేదు కాబట్టి ఈ మాట ఇక్కడ గట్టిగా చెబుతున్నాం. పుల్లరు ఈ పనికి పనికిరాదు.

ఇప్పుడు ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అంబాసిడర్‌కు జాకీ. క్వాలిస్‌కు పొడుగు బోల్టు. అమెరికా ట్రక్కుకు మర ఉన్న పట్టు. మూడు దేశాలు, మూడు కాలాలు. చేసే పని మాత్రం ఒకటే. విప్పడం కాదు, మెల్లగా వదలడం. ఎక్కిన పురిని ఎక్కినంత నెమ్మదిగానూ దించడం. సుత్తికి, పైపు తొడిగిన పానాకు ఆ గుణం లేదు. అందుకే అవి ఈ పనికి పనిముట్లు కావు.

మా పెద్ద మేస్త్రీ ఆ రోజు చేసిన పని వరసగా రాస్తున్నాం. ఆయనకు మాటల్లో చెప్పడం అలవాటు లేదు, మేము పక్కన కూర్చుని రాసుకున్నది.

ముందు చదునైన నేల మీద బండి నిలిపి, రెండు వైపులా చక్రం నడిమి నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచారు. ఆ అంకెలు గోడ మీద చాక్‌పీసుతో రాశారు. కింద దూరి, సర్దుబాటు బోల్టు మర నట్టు బయట ఎన్ని మిల్లీమీటర్లు ఉందో కొలిచి అదీ రాశారు. కడ్డీ మీదా, దాని రెండు కొనలు దూరిన చోట్లా గీతలు గీశారు. ఎడమ కడ్డీకి ఒక గీత, కుడి కడ్డీకి రెండు. ఎందుకని అడిగితే, "ఇవి అన్నదమ్ములు సార్, ఒకరి చొక్కా ఒకరికి పట్టదు" అన్నారు. నిజమే. ఫ్యాక్టరీలోనే ఒక్కో కడ్డీని అది పనిచేయబోయే దిక్కుకు ముందుగానే మెలి తిప్పి సిద్ధం చేస్తారు. ఎడమది కుడికి వేస్తే ఎదురు దిక్కుకు మెలి తిరిగి తొందరగా విరుగుతుంది.

ఆ తర్వాత బండిని ఎత్తి ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టారు. జాకీని నమ్ముకుని కిందికి దూరలేదు. చక్రాలు గాలిలో వేలాడాయి. ముందు లాక్ నట్టు, తర్వాత సర్దుబాటు నట్టు. ఒక వైపు కొన్ని చుట్లు, మళ్ళీ రెండో వైపు కొన్ని చుట్లు. ముఖం బోల్టుకు ఎదురుగా ఎప్పుడూ పెట్టలేదు, పక్కకే. నట్టు చేత్తో తిరిగేదాకా ఇంకే భాగాన్నీ ముట్టుకోలేదు. కడ్డీ బయటికి వచ్చాక గుడ్డతో తుడిచి, వెలుతురులో తిప్పి తిప్పి చూశారు. గీత పడిందా, తుప్పు గుంత పడిందా అని. మెలి తిరిగే కడ్డీకి బలం అంతా పై పొర మీదే ఉంటుంది. పైపు రెంచీ పంటి గాటు ఒక్కటి చాలు, కొన్ని నెలల తర్వాత అక్కడే పగులు మొదలవుతుంది. అందుకే ఆయన కడ్డీని ఏ పనిముట్టుతోనూ పట్టుకోలేదు. చేత్తోనే తీశారు, చేత్తోనే పెట్టారు.

మన ఎడమ కడ్డీ పళ్ళు అరిగిపోయి ఉన్నాయి. శివాజీనగర్ గుజరీలో వెతికి మంచి ఎడమ కడ్డీ ఒకటి తెచ్చాం. పళ్ళకు గ్రీసు పూసి, కుడి వైపు కొలతకు సరిపడేలా ఎక్కించి, బోల్టు బిగించి, బండి దించి, ముందు భాగాన్ని నాలుగుసార్లు అదిమి వదిలి, వీధి చివరిదాకా నడిపి వచ్చి మళ్ళీ కొలిచారు. గోడ మీది అంకెలతో సరిచూసి, ఇంకో అర చుట్టు తిప్పారు. చివరగా అలైన్‌మెంటుకు పంపించారు. మొత్తం ఒక పూట పని. బండి ఇప్పుడు నిటారుగా నిలబడింది.

ఆ కాలం ముగిసిపోయింది. 2005లో క్వాలిస్ పోయి ఇన్నోవా వచ్చింది, దాని ముందు చక్రాలకు చుట్ట స్ప్రింగులు. అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. 2016 నుంచి మన ఆంధ్ర నేల మీద, శ్రీసిటీలో, ఇసుజు డీ-మ్యాక్స్ పికప్‌లు తయారవుతున్నాయి. 2002లో విదేశాల్లో వచ్చిన మొదటి తరం డీ-మ్యాక్స్‌కు పురి కడ్డీలే, శ్రీసిటీకి వచ్చిన తరానికి చుట్ట స్ప్రింగులు. కొత్త బండి మెత్తగా పోతుంది, అందుకు విచారించేదేమీ లేదు. కానీ పాత బండ్లు ఇంకా తిరుగుతున్నాయి. మన సభ్యుల ఇళ్ళలోనే క్వాలిస్‌లు ఉన్నాయి, తాతగారి అంబాసిడర్లు గుడ్డ కప్పుకుని ఉన్నాయి. వాటిని విప్పబోయే కుర్రాళ్ళు చుట్ట స్ప్రింగుల కాలంలో పని నేర్చుకున్న వాళ్ళు. కడ్డీ పడుకుని ఉంది కదా, ఏం చేస్తుందిలే అనుకుంటారు. మణికట్టుకు కట్టు కట్టుకున్న ఆ అబ్బాయి తప్పు మేము ఎంచడం లేదు. అతనికి చెప్పేవాళ్ళు లేరు, అంతే.

కాబట్టి సభ్యులను అడిగేది రెండు మాటలు. ఒకటి, మీ బండి పాతదైతే, గ్యారేజీలో ఇచ్చేటప్పుడు "ముందు టార్షన్ బార్ ఉంది, చక్రాలు వేలాడేలా ఎత్తి, కొలిచి విప్పు నాయనా" అని ఒక్క మాట చెప్పండి. రెండు, మీ ఇంట్లో, మీ వీధిలో పాత మేస్త్రీలు ఉంటే వాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పేది రాసి పెట్టండి, ఫోనులో వీడియో తీసి పెట్టండి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఆ పెద్ద మేస్త్రీని వేదిక మీద కూర్చోబెట్టాలని మేము ప్రతిపాదిస్తున్నాం. మీ అభిప్రాయం కింద రాయండి.

గోడ మీద ఆయన చాక్‌పీసుతో రాసిన అంకెలు ఇంకా అలాగే ఉన్నాయి. తుడవకండని చెప్పి వచ్చాం.